మెత్తనివాళ్లంటే ఎందుకంత కోపం

మా గుంటూరులో మగపిల్లవాడు ఆడంగి అనిపించుకోవడానికి పెద్ద నేరమేమీ చేయనక్కర్లేదు. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకుని మంచినీళ్లు అడిగినా చాలు. సంక్రాంతికి అక్కతో కలిసి ముగ్గులో రంగులు నింపినా, చేతులు తిప్పుతూ మాట్లాడినా, బండి నిదానంగా నడిపినా, వీధి గొడవకు రానన్నా, సినిమా హాల్లో కళ్లు తుడుచుకున్నా, అమ్మ మాట విన్నా, పెళ్లయ్యాక పెళ్లాం మాట విన్నా ఆ మాట పడుతుంది. కారం తినలేకపోవడానికీ పెళ్లాం మాట వినడానికీ సంబంధమేమిటో ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతాను. వాళ్ల నోట ఇప్పుడు ‘తేడా’, ‘పాయింట్ ఫైవ్’ లాంటి కొత్త మాటలు వచ్చాయి కానీ పని అదే. ఎవడైనా గుంపులోంచి కాస్త పక్కకు జరిగితే వాణ్ణి లోపలికి తోయడానికో, పూర్తిగా బయటికి నెట్టడానికో ఆ మాట పనికొస్తుంది. దాని పాత చరిత్ర చదివే కొద్దీ నాకు అనిపించింది ఇది: ఆడంగితనం అనే గుణం ఒకటి ఎక్కడో ఉండి, దానికి మనం పేరు పెట్టలేదు. ముందు కోపం ఉంది. ఆ కోపం ఏ కాలానికి ఎవరి మీదుంటే వాళ్ల మీద ఈ ముద్ర పడింది. ఒకప్పుడు ఓర్పు లేనివాడి మీద, ఒకప్పుడు పల్చటి బట్ట కట్టినవాడి మీద, ఇంకొకప్పుడు ఆడపిల్లల వెంట తిరిగేవాడి మీద. మొత్తంగా ఒక దేశం మీద కూడా పడింది. తిట్టించుకునేవాళ్లు మారారు, తిట్టడానికి వాడుకున్నది మాత్రం ప్రతిసారీ ఆడవాళ్లనే.

ఈ మాట నేను మొదట భక్తిగా విన్నది చర్చిలో. మాది లూథరన్ కుటుంబం. జర్మనీలో పుట్టి అమెరికా నుంచి వచ్చిన హేయర్ అనే మిషనరీ 1842లో గుంటూరులో దిగిన దగ్గర్నుంచి ఇక్కడ పెరిగిన వేల కుటుంబాల్లో మాదొకటి. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) ఆరో అధ్యాయంలో దేవుని రాజ్యానికి వారసులు కానివాళ్ల జాబితా ఉంటుంది. జారులు, విగ్రహారాధకులు, వ్యభిచారులు అయ్యాక ‘ఆడంగితనము గలవారైనను’ అని వస్తుంది. సండే స్కూల్లో ఆ వాక్యం చదివినప్పుడల్లా పిల్లలంతా మా తమ్ముడి వైపు తిరిగి చూసేవాళ్లు. వాడు గొంతు సన్నగా, నడక మెల్లగా ఉండే పిల్లవాడు. అమ్మతో కలిసి వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసేవాడు. ఇంత లేత వయసులో వాడికి పరలోకం తలుపులు మూసేశారు మా తోటి పిల్లలు.

పౌలు గ్రీకులో రాసిన మాటకు అర్థం ‘మెత్తనివాళ్లు’ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మలకోస్ అంటే మెత్తన. అందులో ఆడ ప్రస్తావన లేదు. అదే మాట మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో యేసు నోట కూడా వస్తుంది. బాప్తిస్మమిచ్చు యోహాను గురించి జనాన్ని అడుగుతాడు: మీరు అరణ్యంలోకి ఏం చూడడానికి వెళ్లారు, సన్నపు బట్టలు వేసుకున్నవాణ్ణా? అక్కడ మన తెలుగు బైబిల్లో ఉన్న ‘సన్నపు’, ఇక్కడ ఉన్న ‘ఆడంగితనము’, గ్రీకులో రెండూ ఒకటే. బట్టకు వాడితే నాణ్యత, మనిషికి వాడితే నరకం.

లాటిన్ బైబిల్లో దాన్ని మెత్తనివాళ్లు అనే ఉంచారు. మా లూథర్ గారు కూడా జర్మన్‌లో మెత్తనివాళ్లు అనే రాశారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో అది ‘ఎఫెమినేట్’ అయింది. 1946లో వచ్చిన అమెరికన్ అనువాదంలో దాన్నీ పక్క మాటనూ కలిపేసి స్వలింగ సంపర్కులు అన్నారు. 1989లో దాన్ని సవరించినవాళ్లు మళ్లీ విడదీసి, ఈ మాటకు డబ్బుకు ఒళ్లమ్ముకునే మగవాళ్లు అని అర్థం పెట్టారు. మధ్యలో కొన్ని వందల ఏళ్లు చర్చి పండితులు ఆ మెత్తదనానికి హస్తప్రయోగం అనే అర్థం కూడా లాగారు. వాక్యం కదల్లేదు, వాక్యంలో నిలబడ్డ ముద్దాయి మాత్రం మారుతూ వచ్చాడు.

పౌలుకంటే ముందే ఈ మెత్తదనాన్ని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ విచారించాడు. ఆయన లెక్కలో అది ఓర్పుకు వ్యతిరేకం. మామూలు మనుషులు భరించగలిగే కష్టాన్ని భరించలేక చేతులెత్తేసేవాడు మెత్తనివాడు. ఉదాహరణ కూడా భలే ఇచ్చాడు: పైబట్ట నేల మీద ఈడుస్తూ నడిచేవాడు. ఎందుకు ఈడుస్తాడంటే దాన్ని ఎత్తి పట్టుకోవడం కష్టం కాబట్టి. పదమూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ కూడా ఇదే దారిలో వెళ్లి, పట్టుదలకు ఎదురు నిలిచే లోపంగా మెత్తదనాన్ని లెక్క కట్టాడు. ఇద్దరికీ నడక, గొంతు, చేతుల కదలిక ముఖ్యం కాదు. అయితే అరిస్టాటిల్ ఆడవాళ్లు పుట్టుకతోనే ఓర్పు తక్కువవాళ్లు అన్నట్టు ఒక ముక్క కలిపాడు. కాన్పు గది బయట ఒక్క రాత్రి కూర్చుని ఉంటే ఆ ముక్క కొట్టేసేవాడేమో.

సరే, ఆ కొలతనే తీసుకుందాం. మా నాన్నకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, ‘మగాడంటే ఎలా ఉండాలిరా’ అని తమ్ముడికి పాఠాలు చెప్పిన పెదనాన్న వారానికోసారి వచ్చి గుమ్మంలోనే కుర్చీ వేసుకునేవారు. వాసన పడదు ఆయనకు. మా ఆయన, మా బావలు మందులకు డబ్బులిచ్చారు, అది కూడా అవసరమే, కాదనను. కానీ వీపు పుండ్లు పడకుండా రాత్రంతా లేచి నాన్నను ఇటూ అటూ తిప్పింది, పక్కబట్టలు మార్చింది, గడ్డం గీసింది, గొట్టం ద్వారా జావ పోసింది ఆ సన్నటి గొంతు పిల్లవాడే. ఏళ్ల తరబడి చేశాడు. విసుక్కోలేదని చెప్పను, చాలాసార్లు విసుక్కున్నాడు, విసుక్కుంటూనే చేశాడు. అరిస్టాటిల్ వచ్చి మా ఇంట్లో మెత్తనివాడెవరో తేల్చాల్సి వస్తే వేలు గుమ్మం దగ్గరి కుర్చీ వైపు చూపించేవాడు.

ఇక బట్టల సంగతి. రోములో క్రీ.శ. 16లో, తిబేరియస్ చక్రవర్తి కాలంలో, మగవాళ్లు పట్టు కట్టి పరువు తీసుకోకూడదని సెనేట్ తీర్మానం చేసింది. పట్టు చీనా నుంచి వచ్చేది. సన్నటి నూలు బట్ట మన దగ్గర్నుంచి వెళ్లేది. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిన ఎర్రసముద్ర యాత్రా వివరాల్లో మసాలియా ప్రాంతంలో మేలైన నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని ఉంది. ఆ మసాలియా అంటే మన బందరు వైపు. ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఇండియా పట్టుకుపోతోందని రోమన్ రచయిత ప్లినీ మొత్తుకున్నది ఈ కాలంలోనే. ఆ డబ్బులో కొంత మన వినుకొండలో రోమన్ బంగారు నాణేలుగా బయటపడింది.

జువెనాల్ అనే రోమన్ వ్యంగ్యకవి, ఒంట్లోంచి కనిపించేంత పల్చటి బట్ట కట్టుకుని కోర్టులో వాదించే ఒక వకీలును ఏకిపారేశాడు. ‘జూలై నెల, ఉడికిపోతున్నాను’ అని పాపం ఆ వకీలు మొర. ‘అయితే అసలేమీ లేకుండా వాదించు, పిచ్చి అనుకుంటారు, దానికంటే సిగ్గు తక్కువ’ అని కవిగారి సలహా. మే నెలలో బెజవాడ కోర్టు దగ్గర నల్లకోటు చంకన పెట్టుకుని చెట్టు నీడ వెతుక్కునే వకీళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ రోమన్ వకీలు గుర్తొస్తాడు. మన నేతగాళ్లు నేసిన గాలి ఆడే బట్ట అక్కడ మగతనానికి ముప్పు. ఆ నేసినవాళ్లూ, కట్టినవాళ్లూ ఇక్కడ ఏమనుకున్నారో చూడాలంటే అమరావతి శిల్పాలు చూడండి. రాజులు, పరివారం, గుర్రాలవాళ్లు, అందరికీ చెవులకు బరువైన కుండలాలు, మెడలో హారాలు, చేతులకు కడియాలు. నిన్న మొన్నటి వరకూ మన ఊళ్లలో తాతలు జుట్టు ముడి వేసుకుని, చెవులకు పోగులు పెట్టుకుని పొలం దున్నారు. గండపెండేరం అంటే కాలికి తొడిగే నగ. మన వినుకొండ జాషువా గారి కాలికి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు స్వయంగా గండపెండేరం తొడిగి మురిసిపోయారు. ఈ రోజు ఇంటర్ కుర్రాడు కాలికి నల్లతాడు కాకుండా సన్న పట్టీ పెట్టుకొస్తే వాడి సంగతి చెప్పక్కర్లేదు.

మా తమ్ముడు ఇప్పుడు పట్నంబజార్లో ఒక చీరల కొట్లో పని చేస్తాడు. అక్కడ ప్రతి సేల్స్‌మనూ, గుబురు మీసాలవాళ్లతో సహా, ధర్మవరం చీర భుజాన వేసుకుని, నడుముకు చుట్టి, కొంగు ఎలా పడుతుందో అద్దం ముందు తిరిగి చూపిస్తాడు. కొనేవాళ్లు ‘ఆ రంగు నీకు బాగుంది బాబూ, మా అమ్మాయి ఇంకొంచెం చామన’ అంటారు. ఎవరూ నవ్వరు. గల్లాపెట్టె దగ్గర మగతనానికి ఎంత సహనమో.

ఈ చరిత్రలో నన్ను బాగా నవ్వించింది మరొకటి ఉంది. మన పిల్లలు ఆడంగి అంటే ఆడపిల్లల మీద ఆసక్తి లేనివాడు అనుకుంటారు. షేక్స్పియర్ కాలానికి దాదాపు తిరగేసిన అర్థం. రోమియో తన స్నేహితుడు కత్తిపోటుకు పడిపోయినప్పుడు, ‘జూలియెట్, నీ అందం నన్ను ఎఫెమినేట్ చేసేసింది’ అని బాధపడతాడు. అంటే ఆడదాని మీద మోజు వల్ల కత్తి పట్టడం మరిచాను అని. ఆడవాళ్ల మధ్య ఎక్కువ తిరిగేవాడు, వాళ్ల మీద మనసు పారేసుకునేవాడు ఆడతనం అంటించుకుంటాడని పాత యూరప్ నమ్మకం. మన పల్నాటి కథలో ఈ నమ్మకం లేదా? బాలచంద్రుడు శ్యామాంగి ఇంట్లో పడి ఉన్నాడని ఊరంతా గుసగుసలు పోయింది ఇదే భయంతో. చివరికి భార్య మాంచాల రోషం రేపి కారంపూడి యుద్ధానికి సాగనంపింది. ఒక ఆడది మెత్తబరచిన మగాణ్ణి ఇంకొక ఆడదే గట్టిపరచాల్సి వచ్చింది, చావుకు పంపి. ఈ లెక్కన మా కాలేజీ గేటు బయట బైకు మీద కూర్చుని వచ్చేపోయే అమ్మాయిల కోసం సాయంత్రాలు కరిగించే వీరులందరూ పాత అర్థంలో అచ్చమైన ఆడంగులు.

గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన కథ ఇంకా విచిత్రం. లిడియా (ఇప్పటి టర్కీలో ఉండేది) ప్రజలు పారసీకుల మీద తిరగబడితే, ఓడిపోయిన లిడియా రాజు క్రీసస్, పారసీక చక్రవర్తి సైరస్‌కు ఉపాయం చెబుతాడు: వాళ్లను చంపకు, ఆయుధాలు లాక్కో, పొడుగు చొక్కాలు తొడిగించు, పిల్లలకు తంత్రీవాద్యం, పాట, దుకాణం పెట్టుకోవడం నేర్పించమను, తొందర్లోనే మగవాళ్లు పోయి ఆడవాళ్లవుతారు. దుకాణం! వన్‌టౌన్‌లో గుమాస్తాను కేకలేస్తూ లక్షల సరుకు తిప్పే సేట్లు ఈ మాట వినాలి.

ఇంతదాకా నవ్వుకోవచ్చు. 1757 దగ్గరికి వస్తే నాకు నవ్వు రాదు. ఆ సంవత్సరం ఇంగ్లండులో జాన్ బ్రౌన్ అనే మతగురువు ఒక పుస్తకం రాసి, తన దేశమే విలాసంతో, స్వార్థంతో ఆడంగితనంలోకి జారిపోయిందని దుమ్మెత్తిపోశాడు. పుస్తకానికి బోలెడు గిరాకీ. అదే సంవత్సరం జూన్‌లో ప్లాసీలో క్లైవ్ గెలిచాడు. అతని సైన్యంలో తెల్లవాళ్లకంటే సిపాయిలు ఎక్కువ. మద్రాసు వైపు నుంచి తీసుకెళ్లినవాళ్లు అందులో చాలామంది. అందరూ తెలుగువాళ్లు కాకపోయినా బెంగాల్లో జనం కంపెనీ సిపాయికి ‘తెలంగా’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఎంతగా నిలిచిందంటే 1857లో తిరుగుబాటు సిపాయిలు ఢిల్లీలో అడుగుపెట్టినప్పుడు, వాళ్లు అవధ్ వాళ్లయినా బీహారు వాళ్లయినా, ఢిల్లీ జనం వాళ్లను ‘తిలంగా’లు అనే పిలిచారు. అంటే వందేళ్ల పాటు ఉత్తర దేశంలో సైనికుడికి ఇంకో పేరు మన జాతి పేరు.

ఆ రోజుల్లోనే రాబర్ట్ ఆర్మ్ అనే కంపెనీ చరిత్రకారుడు, మద్రాసులో కొలువు చేసినవాడు, హిందూస్థాన్ ప్రజల ఆడంగితనం మీద ప్రత్యేకంగా ఒక ప్రకరణం రాశాడు. ఎండ, తిండి, తేలిక జీవితం కారణాలట. ఈ దేశంలో నేత ఇంతగా ఎందుకు పెరిగిందంటే, మగాడికి అప్పగించగల పనుల్లో వడకడం, నేయడం అన్నిటికంటే తేలిక కాబట్టి అని తేల్చాడు. గుంటూరు నుంచి బెజవాడ వస్తుంటే దారిలో మంగళగిరి. అక్కడ ఒక గుంట మగ్గంలోకి కాళ్లు దించి ఒక్క పూట కూర్చోబెడితే ఆర్మ్ దొర ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాసేవాడు. ఇక మెకాలే 1841లో బెంగాలీ దేహం ఆడంగితనం దాకా వెళ్లేంత బలహీనం అనీ, వాడు నిత్యం ఆవిరి స్నానంలో బతుకుతాడనీ రాశాడు. తర్వాత 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాదివాళ్లలో యుద్ధ లక్షణం చచ్చిపోయిందని తీర్పు చెప్పి, మద్రాసు పటాలాల స్థానంలో ఉత్తరాదివాళ్లను నింపే విధానాన్ని నడిపాడు. ప్లాసీలో పనికొచ్చిన భుజాలు, కొత్త రాజ్యానికి కొత్త మనుషులు కావాల్సి వచ్చేసరికి మెత్తబడిపోయాయి. దీనికి అవమానపడిన మనవాళ్లు దొరను ‘నీ కొలత తప్పు’ అనాల్సింది పోయి, ‘మేమూ మగాళ్లమే చూడు’ అని కండలు చూపించారు. ఆ కండల ప్రదర్శన ఇప్పటికీ ఆగలేదు. దొర వెళ్లిపోయాక ఆ తిట్టు క్లాసులో మా తమ్ముడి లాంటివాళ్లకు దిగింది.

‘మన సంస్కృతిలో ఇలాంటి చిన్నచూపు లేదండీ, స్థానం వారిని చూడండి, కూచిపూడి చూడండి’ అనేవాళ్లున్నారు. చూశాను. స్థానం నరసింహారావు గారు 1902లో బాపట్లలో పుట్టారు, తెనాలి రామవిలాస సభ వేదిక మీద వెలిగారు. సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి, ఒక్కో పాత్రకు ఒక్కో నడక కట్టిన మనిషి. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు తెర మీదుగా జడ విసిరితే జనం ఊగిపోయేవాళ్లు. ఆయనకు 1970లో పద్మశ్రీ. అక్కడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని ఆనవాయితీ కూడా ఉంది. వాళ్లను ఎవరూ ఆడంగులనలేదు, కళాకారులన్నారు.

కానీ ఆ గౌరవం వెనక ఇంకో పద్దు ఉంది. మగవాళ్లు ఆడవేషం కట్టిన ఆ రోజుల్లోనే, నిజంగా ఆడవాళ్లయి పుట్టి తరతరాలుగా ఆడిన కళావంతుల స్త్రీలను సానివాళ్లని వెలివేశారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థను చట్టంతో ఆపినప్పుడు దురాచారంతో పాటు వాళ్ల ఆట కూడా వీధిన పడింది. మగాడు ఆడదానిగా ఆడితే విద్య, ఆడది ఆడదానిగా ఆడితే వృత్తి. పైగా ఆ మన్నన వేదిక దిగేదాకే. రంగు కడుక్కుని మగాడిలా పంచె కట్టుకుని ఇంటికి వెళ్లాలి. ఆ రంగు లేకుండానే ఆ సుకుమారం ఒంట్లో ఉన్నవాడికి మన దగ్గర పద్మశ్రీ లేదు, పేర్లున్నాయి. ఆఖరికి చట్టం కూడా ఇందులో వేలు పెట్టింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం రెండో భాగం ప్రకారం ఉత్తర భారతంలో ‘నపుంసకుల’ పేర్లు పోలీసు రిజిస్టర్లో ఎక్కించేవాళ్లు. అలా ఎక్కినవాళ్లు ఆడబట్ట కట్టి వీధిలో కనిపించినా, ఆడినా, పాడినా రెండేళ్ల దాకా జైలు. ట్రాన్స్‌జెండర్ల హక్కులను సుప్రీంకోర్టు గుర్తించింది 2014లో. ఇంగ్లండులో 1895లో స్వలింగ సంబంధాల నేరం మీద రచయిత ఆస్కార్ వైల్డ్‌ను విచారించిన తర్వాత నాజూకుతనానికీ స్వలింగ ప్రేమకూ ముడి బిగిసిపోయిందంటారు చరిత్రకారులు. మనం ఆ ముడి అరువు తెచ్చుకుని అమ్మమ్మల కాలం నాటిదని చెప్పుకుంటున్నాం.

స్టాఫ్‌రూమ్‌లో ఈ మాటలు చెబితే ఒక సీనియర్ మాస్టారు అన్నారు: ‘అమ్మా, పిల్లలు గట్టిపడాలి కదా. ఫోన్లు, ఏసీలు, కూర్చున్న చోటికి తిండి. ఆ మాట అంటే రోషం వచ్చి బాగుపడతారు.’ ఆయన బాధ నాకు అర్థమవుతుంది, పిల్లల ఓపిక తగ్గిందన్నది నిజమే కావచ్చు. అయితే దానికి తెలుగులో మాటలు కరువయ్యాయా? సోమరి ఉంది, పిరికి ఉంది, చేతకానివాడు ఉంది, సుఖానికి మరిగినవాడు ఉంది. ఇవన్నీ వదిలేసి పిల్లవాడి తప్పుకు పక్క బెంచీల ఆడపిల్లలను ఎందుకు పేరు పెట్టి లాగడం? అమ్మాయి గట్టిగా ఉంటే మగరాయుడంటాం, అందులో సగం మెచ్చుకోలే. వెలగపూడిని దానం చేసిన సంగతి 1261 నాటి మల్కాపురం శాసనంలో చెక్కించిన రుద్రమదేవి చాలా శాసనాల్లో రుద్రదేవ మహారాజు. ఆడది మగపేరు పెట్టుకుంటే పదోన్నతి. మగాడు ఒక అంగుళం అటు జరిగితే పతనం. మెట్లు ఏ వైపు ఎక్కుతున్నాయో తెలియడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మా కాలేజీ ర్యాగింగ్ బోర్డు మీద కులం పేరుతో పిలవకూడదని ఉంది. ఈ మాట కూడా చేర్చమని రాసిచ్చాను. ‘అది సరదాకి అనుకునేదే కదా మేడమ్’ అన్నారు. కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది.

బోర్డు కదలకపోయినా నా చేతిలో క్లాసు ఉంది. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే నేల ఇది. క్రైస్తవుల ఇళ్లలో కూడా ఆ కథ తెలుసు. తిక్కన చేతిలో అది మరీ రుచి. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు ఉత్తరుడు కోసే కోతలు, సారథి లేడు గానీ ఉంటే కౌరవులను ఈపాటికి ఊచకోత కోసేవాణ్ణని. సారథిగా పేడి (నపుంసక) బృహన్నల దొరుకుతుంది. ఉత్తర, ఆమె చెలికత్తెలు బొమ్మలకు కట్టడానికి కౌరవుల మేలి బట్టలు తెమ్మని అడుగుతారు. తీరా సైన్యం కనిపించగానే యువరాజు రథం దూకి పరుగు. వెనకాల జడ ఊగుతూ, చీర రెపరెపలాడుతూ బృహన్నల పరుగు. చూసిన సైనికులు నవ్వారు. తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. స్పృహ తప్పి పడిన ద్రోణుడి, కర్ణుడి, దుర్యోధనుడి బట్టలు పిల్లల బొమ్మలకు వెళ్లాయి.

నేను ఎక్కువసేపు ఆగేది దాని తర్వాతి ఘట్టం దగ్గర. కొడుకు గెలిచాడని విరాటుడు పొంగిపోతుంటే, కంకుడి వేషంలో ఉన్న ధర్మరాజు ‘బృహన్నల సారథి అయితే గెలవకేం’ అంటాడు. రాజు మళ్లీ కొడుకును పొగుడుతాడు, కంకుడు మళ్లీ బృహన్నల పేరే ఎత్తుతాడు. ఒక పేడిని నా కొడుకుతో సమానం చేస్తావా అని విరాటుడు పాచికలు విసిరి ముఖాన కొడతాడు. నెత్తురు కారుతుంది. విరాటుడు దుర్మార్గుడు కాదు, ఏడాది పాటు వీళ్లందరికీ అన్నం పెట్టినవాడు. ఆ ఒక్క పొగడ్త మాత్రం భరించలేకపోయాడు. బృహన్నలే అర్జునుడని తెలిశాక అదే రాజు కూతురినిచ్చి పెళ్లి చేస్తానన్నాడు. యుద్ధం మారలేదు, గెలిచిన చేతులు మారలేదు.

మొన్న ఈ పాఠం అయ్యాక మూడో బెంచీ కుర్రాడు లేచి అడిగాడు, ‘మేడమ్, మరి ఉత్తరుడు ఆడంగే కదా, పారిపోయాడుగా’ అని. ఇంకొకడు ఒప్పుకోలేదు: ‘తర్వాత వాళ్ల నాన్నకి నిజం చెప్పాడు కదరా, గెలిచింది నేను కాదని. నువ్వయితే చెప్తావా?’ ఒక అమ్మాయి లేచి, పారిపోయిన ఒక్కడూ మగాడే అయినప్పుడు ఆడంగి అని ఎందుకంటున్నారని నిలదీసింది. పిరికివాడు అనండి చాలు అన్నాను నేను. ‘ఓకే మేడమ్, ఉత్తరుడు పిరికోడు. మరి బృహన్నలని ఏమనాలి?’ అన్నాడు మొదటివాడు, వదలకుండా.

‘డ్రైవర్!’ అని వెనక బెంచీలోంచి ఎవడో అరిచాడు.